ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం



ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాది. ఇంతకుముందు గాంధీ గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, మన కుమ్రం భీం గురించి అక్కలు మంచిగా రాసిండ్రు. నేను ఒక ఫుట్‌బాల్ సార్ గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్తాను.

నేను మన టీంలో బ్యాక్ ఆడుతానని మీకు తెలుసు. నాకు గోల్ కొట్టుడు రాదు, అందుకే వెనక నిలబెట్టిండ్రు అని అనుకునేదాన్ని. పోయిన జనవరిలో ఆటల పోటీలకు హైదరాబాద్ పోయినం. ఆట అయిపోవడానికి కొంచెం ముందు బాల్ నా ఎడమ కాలు దిక్కు వచ్చింది. నాకు ఎడమ కాలుతో తన్నుడు రాదు. కుడి కాలు కోసం తిరిగేసరికి అవతలి పిల్ల గోల్ కొట్టేసింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయినం. బస్సులో నాతో ఎవ్వరూ మాట్లాడలేదు. ఇగ ఆడొద్దు అని నేను మనసులో అనేసుకున్న.

వాపసు వచ్చేటప్పుడు పి.ఇ.టి. మేడం మాకు హైటెక్ సిటీ చూపించింది. 1998లో కట్టిన సైబర్ టవర్స్ గుండ్రంగా ఉంది. దాని చుట్టూ అన్నీ అద్దాల బిల్డింగులే. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసినం. అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియం కాడ బస్సు ఆపి అందరం గేటు బయట నిలబడ్డం. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇక్కడనే జరిగిందని, బెంగాల్ 1-0తో కేరళను ఓడించిందని మేడం చెప్పింది. మన హైదరాబాద్ వాళ్ళు ఎన్నడన్నా గెలిచిండ్రా అని ఒక అక్క అడిగింది. 1956-57లో, మళ్ళీ 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచిండ్రు, దాని వెనక ఒక సార్ ఉన్నాడు అని మేడం చెప్పింది. బస్సు ఎక్కినంక నా పక్కన కూర్చొని దారి పొడుగునా ఆయన కథ చెప్పింది. తర్వాత లైబ్రరీలో పేపర్ కటింగులు ఇచ్చింది. అవి చదివి ఇది రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువైన తర్వాత ఆయన బడిపంతులు అయినారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. అందుకే అందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

తర్వాత ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయినారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. రహీం గారు భారత జట్టుకు కూడా కోచ్ అయినారు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో మన వాళ్ళు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

కానీ మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయినారు. పది గోల్స్! నేను ఒక్క గోల్‌కే అన్నం తినలేదు. అప్పుడు మన ఆటగాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడేవారు. ఉత్త కాళ్ళతోనే బాల్ మంచిగా మాట వింటదని వాళ్ళ నమ్మకం. అది నాకు తెలుసు. ఊర్లో నేను కూడా చెప్పులు లేకుండానే పెరిగిన. ఇక్కడికొచ్చి మొదటిసారి బూట్లు తొడిగినప్పుడు కాళ్ళు నావి కానట్టే అనిపించింది. కానీ చల్లని దేశంలో, తడి నేల మీద ఉత్త కాళ్ళు జారుతాయి. ఆ ఓటమి తర్వాత మన దేశంలో ఆటగాళ్ళు బూట్లు వేసుకోవాలనే నియమం వచ్చింది.

రహీం గారు ఓటమికి ఆటగాళ్ళను తిట్టి ఊరుకోలేదు. జట్టు నిలబడే పద్ధతి గురించి ఆలోచించారు. ఆ రోజుల్లో మన దేశంలో 2-3-5 పద్ధతి ఉండేది. అంటే వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందర ఐదుగురు. అందరికీ గోల్ కొట్టాలనే ఉంటుంది కదా. కానీ అవతలి ఐదుగురు ఒక్కసారి మీదికి వస్తే వెనక ఉన్న ఇద్దరు ఏం చేస్తారు? ఒకరు బాల్ మీదికి పోతే ఆమె జాగా ఖాళీ అవుతుంది. రహీం గారు వెనక మనుషులను పెంచుతూ వచ్చారు. చివరికి 4-2-4 పద్ధతి నేర్పించారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందర నలుగురు. ఒక బ్యాక్ బాల్ కోసం పోతే పక్కనున్న బ్యాక్ ఆ జాగాకు జరగాలి. ఇదే పద్ధతితో 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచింది.

ఆయన ప్రపంచంలో ఎక్కడ ఏం కొత్త ఆట ఆడుతున్నా తెలుసుకునేవారు. 1953లో హంగేరీ జట్టు లండన్ పోయి ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. హంగేరీ సెంటర్ ఫార్వర్డ్ ముందర నిలబడకుండా కొంచెం వెనకకు వచ్చి ఆడినాడు. అతన్ని కాపలా కాసే బ్యాక్‌కు వెంట పోవాల్నా, అక్కడనే ఉండాల్నా తెలియలేదు. పోతే వెనక సందు దొరుకుతుంది, పోకపోతే అతను తీరిగ్గా ఆడుకుంటాడు. ఈ ఉపాయం రహీం గారు మన జట్టుకు నేర్పించారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన వాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ ఆ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ళ కింద పది గోల్స్ ఇచ్చిన జట్టు నాలుగే ఇచ్చింది. మన దేశానికి నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దానికన్నా పైకి మన దేశం ఎప్పుడూ పోలేదు.

ఆయన పేదపిల్లలను వెతికి పట్టుకునేవారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. ఆటకు రావడానికి సైకిల్ కిరాయికి పైసలు లేవు. రహీం గారే ఇచ్చారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడినాడు.

రహీం గారు పెట్టిన ఇంకో కొత్త పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. ఆయన పిల్లలకు చేతకాని కాలుతో ఆడే పోటీలు పెట్టేవారు. కుడి కాలు వాటం ఉన్నవాళ్ళు ఎడమ కాలుతోనే తన్నాలి. మేడం ఈ ముచ్చట చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్ల గోండి మాట్లాడుతం. బాపుకు, అవ్వకు చదువు రాదు. ఐదో తరగతిలో ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు నాకు ఎడమ కాలు లెక్కనే ఉండె. తప్పు మాట్లాడుతానని నెల రోజులు నోరు విప్పలేదు. ఇప్పుడు గోడపత్రికకు రాస్తున్నాను. చేతకాని కాలు కూడా వాడితే వస్తుంది.

ఇక 1962 జకార్తా సంగతి. ఆసియా క్రీడలకు పోయేనాటికే రహీం గారికి క్యాన్సర్ ఉంది. మొదటి ఆటలో మన వాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయినారు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో గెలిచారు గాని మన స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అప్పుడు మనిషికి బదులు మనిషిని దింపే నియమం లేదు. మిగతా ఆట పదిమందే ఆడినారు. జపాన్‌ను 2-0తో గెలిచారు. సెమీఫైనల్‌కు రహీం గారు ఎవరూ అనుకోని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న స్టాపర్‌ను తీసుకొచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియానే. స్టేడియంలో దగ్గర దగ్గర లక్షమంది ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానియ్యలేదని మన దేశపు అధికారి ఒకాయన తప్పు పట్టినందుకు అక్కడి జనానికి మన మీద కోపం. మన వాళ్ళు బాల్ ముట్టితే చాలు అరిచేవారు. అయినా మొదట పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. రెండోది ఎవరు కొట్టారో తెలుసా? వెనక నిలబడే జర్నైల్ సింగే! కొరియా చివరలో ఒక్కటే కొట్టగలిగింది. 2-1తో బంగారు పతకం మనకు వచ్చింది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం గారు చనిపోయారు. ఆయనకు 53 ఏళ్ళే. ఆ తర్వాత మన దేశానికి ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారం మళ్ళీ రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు కూడా పోలేదు. రహీం గారి కొడుకు హకీం గారు ఆ 1960 జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయినారు. 2024లో రహీం గారి మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అప్పటిదాకా మా వయసు పిల్లలకు ఆయన పేరే తెలియదు.

గచ్చిబౌలి స్టేడియంలో ఆడే హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయింది. జట్టును డబ్బుతో తెస్తారు, డబ్బు లేకపోతే పోతుంది. రహీం గారు నేర్పినవాటికి డబ్బు అక్కర్లేదు. ఎడమ కాలుకు ఏం ఖర్చు? పక్కదాని జాగా కాపాడడానికి ఏం ఖర్చు? అద్దాల బిల్డింగులు మన ఊరికి రావు గాని ఈ ఆట వస్తుంది.

ఆ రోజు నేను ఎడమ కాలు దిక్కు దొరికిపోయిన మాట నిజమే. కానీ పక్క బ్యాక్ నా వెనకకు జరగలేదు, నేను కూడా ఎన్నడూ ఆమె వెనకకు జరగలేదు. మాకు అది తెలియదు. ఇప్పుడు తెలిసింది. అందుకే నేను ఆట మానను.

వార్డెన్ మేడం గారికి నా మనవి. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట ఎడమ కాలు మ్యాచ్ పెట్టనివ్వండి. ఐదు, ఆరు తరగతుల చెల్లెళ్ళకు వేరే ఆట ఉండాలి, పెద్దవాళ్ళ మధ్య వాళ్ళకు బాల్ దొరకదు. బూట్లు చాలకపోతే వంతుల వారీగా వేసుకుంటం.

టీం అక్కలకు ఒక మాట. గోల్ కొట్టడం రానివాళ్ళను వెనక నిలబెట్టకండి. కాపలా కాయడం వచ్చినవాళ్ళను నిలబెట్టండి. నన్ను నిలబెడితే నేను తయారుగా ఉన్నాను.

ఇట్లు
మీ స్టాపర్,
9వ తరగతి