భాస్కరాచార్యుడు

ఆస్తి, అప్పు, లాభము, నష్టము వీని లెక్క యెఱుగని గృహస్థుడు లోకమున లేడు. కాని తెలిసినదానిని ఆధారముగా గొని తెలియనిదానిని రాబట్టు నేర్పు అందరికిని అలవడదు. ఆ నేర్పును శాస్త్రముగా తీర్చి, బాలురకు సైతము అందునట్లు బోధించిన మహనీయులలో భాస్కరాచార్యుడు అగ్రగణ్యుడు.

ఇతడు శాలివాహన శకము 1036, అనగా క్రీ.శ. 1114వ సంవత్సరమున జన్మించెను. శాండిల్యగోత్రజుడు. సహ్యాద్రి ప్రాంతమందలి విజ్జడవిడము తన నివాసమని గోళాధ్యాయమున తానే తెలిపియున్నాడు. తండ్రియగు మహేశ్వరుడు జ్యోతిశ్శాస్త్ర పండితుడు. కుమారునకు విద్యాగురువును ఆయనయే. ముప్పదియాఱవ యేట, 1150లో, భాస్కరుడు సిద్ధాంతశిరోమణిని రచించెను. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము అనునవి దాని నాలుగు భాగములు. వార్ధక్యమునను కలము విడువక, 1183వ సంవత్సరమును ఆరంభముగా గొని కరణకుతూహలమను గ్రంథమును వెలయించెను.

లీలావతి ఆయన కుమార్తె యనియు, ఘటికాపాత్రలో ముత్యము పడి రంధ్రము మూసికొనుటచే ఆమె వివాహముహూర్తము తప్పెననియు, ఆమెను ఊరడించుటకై తండ్రి ఆ గ్రంథము వ్రాసెననియు ఒక కథ ప్రసిద్ధము. భాస్కరుని రచనలలో ఈ కథ కానరాదు. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో లీలావతిని పారసీకమునకు మార్చినపుడు, దాని పీఠికలో ఈ గాథను చేర్చెను. కథ యెట్లున్నను, గ్రంథము మాత్రము ఎదుట కూర్చున్న శిష్యునితో మాటలాడుచున్నట్లే సాగును.

బీజగణితమున ఆయన బోధించిన పద్ధతికి ఒక లెక్క చాలును. ఒకనియొద్ద 300 రూపములును 6 గుఱ్ఱములును గలవు. వేఱొకనియొద్ద అదే వెలగల గుఱ్ఱములు 10 గలవు. కాని వానికి 100 రూపముల ఋణము గలదు. ఇరువురును సమానధనులు. అట్లయిన గుఱ్ఱము వెల యెంత? ఇందు తెలియని వెల ఒక పక్షముననే కాక రెండు పక్షములందును నిలిచియున్నది. చిక్కంతయు అచటనే గలదు.

భాస్కరుడు తెలియని రాశికి యావత్తావత్తు అని పేరిడి, ‘యా’ యను అక్షరముతో గుర్తించెను. ఋణసంఖ్యపై చుక్క యుంచెను. రెండు పక్షములను ఒకదాని క్రింద నొకటి వ్రాసెను. సమానమైనవానినుండి సమానమును తీసివేసినను, సమానమునకు సమానము చేర్చినను సమత్వము చెడదు. కావున ఇరువురి నుండియు 6 గుఱ్ఱములను తొలగింపవలెను. మొదటివానికి 300 రూపములు మిగులును. రెండవవానికి 4 గుఱ్ఱములును 100 రూపముల ఋణమును మిగులును. పిదప ఇరువురకును 100 రూపములు చేర్చినచో రెండవవాని ఋణము తీరును. 4 గుఱ్ఱములు 400 రూపములకు సమానమగును. గుఱ్ఱము వెల 100. సరిచూచినచో మొదటివాని ధనము 300, 600 కలిసి 900. రెండవవానిది 1000లో 100 పోగా 900.

ఈ పద్ధతి పూర్వులకు తెలియనిది కాదు. 499లో ఆర్యభటుడును, 628లో బ్రహ్మగుప్తుడును దీని సూత్రమును సంగ్రహముగా చెప్పియుండిరి. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రచించిన బీజగణితములు అతివిస్తృతములగుటచే వాని సారమును తాను సంగ్రహించితినని భాస్కరుడు దాపఱికము లేక గ్రంథాంతమున తెలిపెను. పూర్వుల సూత్రమునకు చక్కని ఉదాహరణములు కూర్చి, అప్పును సైతము ఒక సంఖ్యగా భావించి లెక్కలో నిలుపు విధమును బాలురకు అలవాటు చేయుట ఆయన ప్రజ్ఞ. బుద్ధియే అసలైన బీజమని ఆయన మతము. అక్షరములును గుర్తులును మందబుద్ధులకు చేయూత మాత్రమే.

బీజగణితము 1634లో పారసీకమునకును, 1817లో కోల్‌బ్రూకు దొరచే లీలావతితోపాటు సంస్కృతమునుండి ఆంగ్లమునకును పరివర్తితమయ్యెను. అంతవఱకు ఆ గ్రంథములు నిలుచుటకు పండిత పరంపరయే కారణము. జలగాం జిల్లా చాళీస్‌గాం సమీపమందలి పాటణమున డాక్టరు భావు దాజీ వెలికితెచ్చిన శాసనము ఆ పరంపర మొదటి మెట్టును చూపును. భాస్కరుని కుమారుడు లక్ష్మీధరుడు యాదవరాజగు జైత్రపాలుని ఆస్థానపండితుడు. మనుమడు చాంగదేవుడు సింఘణరాజునకు జ్యోతిష్కుడు. ఇతడు తాతగారి గ్రంథములు చదివించుటకై ఒక మఠమును నెలకొల్పగా, నికుంభవంశజుడగు సోయిదేవుడు 1207లో దానికి దానమొసగెను. అంగడి సుంకములలో కొంత భాగమును, గానుగ గానుగనుండి గరిటెడు నూనెయు ఆ మఠమునకు చెందవలెనని శాసనము చెప్పుచున్నది.

రాజుల దండయాత్రలెన్నియో మఱపున పడినవి. ఊరివారు గరిటెడు నూనె యిచ్చి నిలిపిన చదువు మాత్రము నేటికిని పాఠశాలల నల్లబల్లలపై వెలుగుచున్నది. సమీకరణమునకు రెండువైపుల నిలిచిన అవ్యక్తమును ఒకవైపునకు చేర్చు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు, ఎఱిగియో ఎఱుగకయో ఆ మహనీయుని శిష్యులే.