ఇంజనీర్లకు గురువు

చెక్క స్కేలు ఒకటి తీసుకోండి. దాని రెండు కొనలనూ రెండు పుస్తకాల మీద ఆనించి, మధ్యలో వేలితో నొక్కండి. స్కేలు కిందికి వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కితే దాదాపు వంగదు. చెక్క అదే, కొలతలు అవే. అయినా బలంలో ఇంత తేడా! వంతెనకు దూలం వేసే ఇంజనీరు ముందుగా తెలుసుకోవలసింది ఈ సంగతే. బరువు పడినప్పుడు ఒక పదార్థం ఎంత వంగుతుంది, ఎంతవరకు ఓర్చుకుంటుంది, ఎప్పుడు విరుగుతుంది అని లెక్కకట్టే శాస్త్రాన్ని పదార్థ బలశాస్త్రం అనవచ్చు. ఆ శాస్త్రాన్ని ఇంజనీర్లకు ఎలా బోధించాలో జీవితమంతా ఆలోచించిన మహోపాధ్యాయుడు స్టీఫెన్ టిమోషెంకో.

ఆయన 1878 డిసెంబరు 22న ఉక్రెయిన్‌లోని ష్పోటివ్కా అనే పల్లెలో జన్మించారు. అప్పట్లో ఆ ప్రాంతం రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. తండ్రి భూములు కొలిచే వృత్తిలో ఉండేవారు. ఇసుకలో కోటలు, వంతెనలు, రైలుకట్టలు కట్టి ఆడుకునే ఆ బాలుడికి పెద్దయ్యాక రైలుమార్గాలు వేసే ఇంజనీరు కావాలని కోరిక. పాఠశాల చదువు ముగించి, పీటర్స్‌బర్గులో రవాణామార్గాల ఇంజనీర్లను తయారుచేసే విద్యాలయంలో చేరి 1901లో పట్టం పొందారు. అయితే చదువు పూర్తయ్యాక ఆయన మనసు బోధన వైపు మళ్లింది. పీటర్స్‌బర్గులోనే పాఠాలు చెబుతూ, సెలవుల్లో జర్మనీకి వెళ్లి అక్కడి పండితుల వద్ద నేర్చుకునేవారు. నేర్పేవాడు నేర్చుకోవడం మానకూడదన్నది ఆయన నమ్మకం.

1906లో కీవ్ నగరంలోని పాలిటెక్నిక్ విద్యాలయం ఆయనను ఆచార్యుడిగా ఎన్నుకుంది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. అక్కడ చెప్పిన పాఠాలే ఆయన తొలి పాఠ్యగ్రంథానికి ఆధారమయ్యాయి. జీవితం సాఫీగా సాగుతున్న సమయంలో ఒక పరీక్ష ఎదురయింది. ఉన్నత విద్యాలయాల స్వేచ్ఛను హరించే విధంగా నాటి విద్యామంత్రి చేపట్టిన చర్యలను నిరసించినందుకు 1911లో ప్రభుత్వం ఆయనను ఉద్యోగం నుంచి తొలగించింది. భార్యాపిల్లలున్న సంసారం, చేతిలో ఉద్యోగం లేదు. నోరు మెదపకుండా ఉంటే పదవి నిలిచేది. కానీ ఆయన అన్యాయమని తోచిన దానిని అన్యాయమనే అన్నారు. ఆ ఏడాదే ఆయన పరిశోధనకు లభించిన ఒక బహుమానం ఆ కష్టకాలంలో కుటుంబాన్ని ఆదుకొంది. తరువాత పీటర్స్‌బర్గులో మళ్లీ ఆచార్య పదవి లభించింది.

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. దాని వెనుక అంతర్యుద్ధం చెలరేగింది. 1920లో టిమోషెంకో స్వదేశం విడిచి యుగోస్లావియా చేరారు. జాగ్రెబ్ నగరంలో మళ్లీ పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. కాని విద్యార్థుల భాష క్రొయేషియన్. ఆయనకది రాదు. అందుకని ఆయన వెనుకాడలేదు. తన రష్యన్ మాటల మధ్య తెలిసినన్ని క్రొయేషియన్ మాటలు కలిపి పాఠం చెప్పారు. రెండూ దగ్గరి భాషలు కావడం వల్ల, పైగా చెప్పేవారికి విషయం మీద పట్టు ఉండడం వల్ల, విద్యార్థులు చక్కగా గ్రహించారు.

1922లో ఆయన అమెరికా వెళ్లారు. అప్పటికి నలభై ఏళ్లు దాటాయి. దేశం కొత్త, భాష కొత్త. మరుసటి ఏడాది వెస్టింగ్‌హౌస్ అనే పెద్ద విద్యుద్యంత్రాల సంస్థలో పరిశోధకుడిగా చేరారు. అక్కడి యువ ఇంజనీర్లకు గణితంలోనూ, యంత్రశాస్త్ర సిద్ధాంతాలలోనూ పునాది చాలలేదని గమనించి, వారికి పాఠాలు చెప్పనారంభించారు. 1927లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలోనూ, 1936లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యులయ్యారు. మిచిగాన్‌లో ఆయన నడిపిన వేసవి తరగతులకు విద్యార్థులే కాక, ఇతర కళాశాలల అధ్యాపకులు కూడా వచ్చి శిష్యులై కూర్చునేవారు.

వంతెనల కంపనం మొదలు సన్నని స్తంభాలు ఒరిగిపోవడం దాకా ఎన్నో విషయాలపై ఆయన గ్రంథాలు రచించారు. అవి అనేక భాషల్లోకి అనువాదమయ్యాయి. మన దేశంలోని ఇంజనీరింగు కళాశాలల్లో సైతం తరతరాల విద్యార్థులు వాటిని చదివారు. 1957లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఆయన పేర ఒక పతకాన్ని నెలకొల్పి, మొదటి పతకాన్ని ఆయనకే బహూకరించింది. ఎనభయ్యో ఏట ఆయన సోవియట్ యూనియన్‌కు వెళ్లి, అక్కడి విద్యాలయాలను స్వయంగా చూసి, రష్యాలో ఇంజనీరింగు విద్య తీరుతెన్నులపై ఒక పుస్తకం ప్రకటించారు. చివరి రోజుల్లో జర్మనీలో కుమార్తె వద్ద ఉంటూ 1972 మే 29న కన్నుమూశారు.

టిమోషెంకో ఒకసారి ఉద్యోగాన్ని, ఒకసారి దేశాన్ని పోగొట్టుకున్నారు. ఊరు మారింది, భాష మారింది. ఆయన వెంట మిగిలినవి నేర్చుకున్న విద్య, నేర్పాలన్న తపన. వాటితోనే వెళ్లిన ప్రతిచోటా ఆయన మళ్లీ తరగతి గదిని నిర్మించుకున్నారు. బరువు పడినా విరగని దూలం ఎలా ఉండాలో ఆయన తన గ్రంథాలలో చెప్పారు. బరువు పడినా విరగని మనిషి ఎలా ఉంటాడో ఆయన జీవితం చెబుతుంది.