మట్టికి తూకం పెట్టినోడు

వరి కోతలప్పుడు మిషన్ పొలంలకు దిగుతది. చూస్తుండంగనే ఎకరం ఖతం. వడ్లు ట్రాలీల పడంగనే అందరం తేమ ఎంత, రేటు ఎంత అని చూస్తం. మిషన్ తిరిగిన జాడ కింద మట్టికి ఏమైందో మాత్రం ఎవ్వలం చూడం. వచ్చే కారుకు ఆ జాడ మీద పెసర ఎదగకపోతే, మక్క పచ్చబడితే, మందు తక్కువైందనుకొని ఇంకో బస్తా యూరియా గుప్పుతం.

బరువు పడితే నేల అణుగుతదని మన తాతలకు కూడ ఎర్కే. ఎంత బరువుకు ఎంత అణుగుతది, ఎన్ని రోజులకు అణుగుతది, అణిగింది మళ్ల లేస్తదా? ఇవి గట్టిగ కొలిచి చెప్పే పద్ధతి వచ్చి మాత్రం నూరేండ్లే అయితున్నది. దాన్ని నిలబెట్టినోని పేరు కార్ల్ టెర్జాగీ. సివిల్ ఇంజనీరింగ్ చదివే మన పిలగాండ్లకు ఈ పేరు పరీక్షల కోసం తెలుసు. ఎవుసం చేసేటోళ్లకు ఎవ్వలూ చెప్పలే. నాకు కూడ ఏ కాలేజీల చెప్పింది కాదు, పాత పుస్తకాల దుకాణంల దొరికిన ఒక అట్టలేని పుస్తకంతోని మొదలైన ఎంబడివాటు ఇది.

టెర్జాగీ 1883 అక్టోబర్ 2న ప్రేగ్‌ల పుట్టిండు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంల ఉండేది. తండ్రి ఫౌజుల ఆఫీసర్, పిలగాడు చిన్నగున్నప్పుడే సచ్చిపోయిండు. కొడుకును కూడ ఫౌజీ హాస్టల్ బడుల్లనే ఏసిండ్రు. ఆయన మాత్రం తుపాకీ దిక్కు పోకుండ గ్రాజ్ పట్నంల మెకానికల్ ఇంజనీరింగ్ చదివిండు, 1904ల పట్టా తీసుకున్నడు. మంచి బుద్ధిమంతుడేం కాదు, కాలేజీల చేసిన అల్లరికి పేరు కొట్టేసే దాక పోయింది. తప్పనిసరి ఫౌజు కొలువుల ఉన్న ఏడాది, భూగర్భశాస్త్రం మీది ఇంగ్లిష్ పుస్తకం ఒకటి జర్మన్‌లకు మార్చిండు. మెషీన్లు చదివినోనికి మట్టి, రాయి పిచ్చి అట్ల పట్టుకున్నది.

తర్వాత కట్టుబడి పనులల్ల తిరిగిండు. క్రొయేషియాల, రష్యాల పని చేసిండు. ఎక్కడ చూసినా ఒకటే కథ. కట్టిన గోడ కుంగుతది, ఆనకట్ట కింద నీళ్లు ఊరుతయి, ఇంజనీర్లు మొఖాలు చూసుకుంటరు. ఇనుముకు లెక్కున్నది, కాంక్రీటుకు లెక్కున్నది, వాటిని మోసే మట్టికి లెక్క లేదు. 1912ల అమెరికా పోయి పెద్ద పెద్ద ఆనకట్టల కాడ తిరుక్కుంట, ఏ నేల మీద ఏం కడితే ఏమైందో రాసుకున్నడు. అంత రాసుకున్నా ఏమీ తేలలే. ఎందుకంటే ఆ రాతలల్ల మట్టికి పేర్లే ఉన్నయి, అంకెలు లేవు. మనం రేగడి, చెల్క, దుబ్బ అంటం సూడు, అట్లనే. పేరు మంచిదే, అందుల తరతరాల తెలివి ఉంటది. గని ఇద్దరు రైతుల రేగడి ఒక్కతీరు అణగదు కదా. మనసు ఇరిగి ఎన్కకొచ్చిండు.

అసలు ముచ్చట ఇస్తాంబుల్‌ల ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1916ల, ఆయనను అక్కడి ఇంజనీరింగ్ బడిల పాఠాలు చెప్పనీకి పంపిండ్రు. 1918ల ఆస్ట్రియా ఓడిపాయె, టర్కీ ఓడిపాయె, ఈయన కొలువు కూడ పాయె. అదే ఊర్లె అమెరికనోళ్లు నడిపే రాబర్ట్ కాలేజీల చిన్న నౌకరీ దొరికింది. దేశం ముక్కలైంది, చేతుల పైసలు లేవు, ప్రయోగశాల లేదు. అటువంటి రోజులల్ల మట్టి గురించి ఏమేం కొలవాల్నో ఒక కాయితం మీద రాసుకొని, చేతికి దొరికిన సామాన్లతోని పరికరాలు కట్టుకున్నడు. పరికరాలు లేవని పని బందు పెట్టే మన పరిశోధనా సంస్థల పెద్దలకు ఈ భాగం చదివి వినిపించాలె.

ఆ పరికరం పేరు ఈడోమీటర్. చూస్తే నవ్వొస్తది, అంత సాదాగ ఉంటది. గుండ్రటి లోహపు కడెంల తడి బంకమట్టి బిళ్ల పెడతరు. పక్కలకు పోనీకి కడెం అడ్డం. పైన, కింద నీళ్లు బయటికి పోయే సన్న రంధ్రాల రాళ్లు. మీద బరువు పెట్టి, బిళ్ల ఎంత సన్నబడ్డదో గడియారం చూసుకుంట కొలుస్తరు. బరువు రెట్టింపు చేసి మళ్ల కొలుస్తరు.

ఇంట్ల విరిగిన పాలను గుడ్డల మూటగట్టి మీద రాయి పెడ్తరు కదా. రాయి పెట్టంగనే ముద్ద అణగదు. ముందుగల బరువంతా లోపలి నీళ్ల మీదనే పడ్తది. నీళ్లు మెల్లమెల్లగ కారినకొద్ది బరువు ముద్ద మీదికి వస్తది, అప్పుడు అది గట్టిపడ్తది. టెర్జాగీ మట్టిల కనిపెట్టింది ఇదే. మీద పడ్డ మొత్తం ఒత్తిడిల నుంచి రంధ్రాలల్ల నీళ్లు మోస్తున్న ఒత్తిడి తీసేస్తే, మట్టి రేణువులు నిజంగ మోసేది మిగుల్తది. అణిగేది, గట్టిపడేది దాన్ని బట్టే. నీళ్లు ఎంత సేపట్ల కార్తయనే లెక్కకు, లోహంల వేడి పాకే లెక్కను అరువు తెచ్చుకున్నడు. 1923ల ఆ సమీకరణం వియన్నా సైన్స్ అకాడమీ ద్వారా అచ్చయింది. 1925ల జర్మన్‌ల పెద్ద పుస్తకమే తెచ్చిండు.

ఈ లెక్కల రెండు ముచ్చట్లు నాకు నిద్ర పట్టనియ్యలే. ఒకటి, పొర మందం రెట్టింపయితే అణగనీకి పట్టే కాలం నాలుగింతలు. కడెంల 2 సెంటీమీటర్ల బిళ్ల ఒక్క రోజుల అణిగితే, అదే మట్టి 2 మీటర్ల పొరకు 10,000 రోజులు, అంటే 27 ఏండ్లు. రెండోది, బరువు తీసేసినా మట్టి మునుపటి లెక్కకు రాదు. జెర లేస్తది, అంతే. తన మీద గతంల పడ్డ పెద్ద బరువును మట్టి యాద్వెట్టుకుంటది. దాన్ని దాటని బరువు పెడితే ఎక్కువ అణగదు, దాటితే మళ్ల కొత్తగ కుంగుతది. ఆ గతకాలపు బరువు ఎంతో గీత గీసి పట్టుకునే పద్ధతిని, ఈయన దగ్గర పని చేసిన ఆర్థర్ కాసగ్రాండె 1936ల చెప్పిండు.

పేరొచ్చినంక కథ మామూలే. అమెరికాల ఎం.ఐ.టి., 1929 నుంచి వియన్నాల ప్రొఫెసర్. అక్కడ్నే ఒక చెడ్డ గొడవ. అదే విశ్వవిద్యాలయంల పాల్ ఫిల్లుంగర్ అనే ప్రొఫెసర్, టెర్జాగీ సిద్ధాంతం తప్పని 1936ల ఒక చిన్న పుస్తకమే అచ్చేసి బజార్ల పెట్టిండు. విచారణ కమిటీ కూసున్నది, టెర్జాగీ దిక్కే తేల్చింది. 1937 మార్చిల ఫిల్లుంగర్, ఆయన భార్య ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నరు. రంధ్రాలున్న పదార్థాల మీద ఫిల్లుంగర్ రాసిన లెక్కలు కాలానికి ముందున్నయని తర్వాతి శాస్త్రవేత్తలు ఒప్పుకున్నరు. మట్టి పరీక్షల టెర్జాగీ గెలిచిండు, నిజమే. గని ఆయన జీవితాన్ని హీరో కథ లెక్క రాసేటోళ్లు ఈ పేజీ దాటేస్తరు, అది నాకు నచ్చదు.

1938ల హిట్లర్ ఆస్ట్రియాను మింగినంక ఆయన అమెరికా పోయి హార్వర్డ్‌ల కుదిరిండు. ఈజిప్టుల అస్వాన్ పెద్ద ఆనకట్ట సలహాదార్ల బోర్డుకు అధ్యక్షుడైండు గని, డిజైన్ మీద రష్యన్ ఇంజనీర్లతోని పొసగక 1959ల రాజీనామా ఇచ్చిండు. 1963 అక్టోబర్ 25న పోయిండు. కెనడాల మెత్తటి, అణిగే మట్టి మీద, ఎంత కుంగుతదో ముందే లెక్కేసి కట్టించిన ఆనకట్టకు ఇప్పుడు ఆయన పేరే ఉన్నది.

మరి ట్రాక్టర్ సంగతేంది అంటవా? టెర్జాగీతోని కలిసి పుస్తకం రాసిన ఓ.కె. ఫ్రోలిష్, మీద పెట్టిన బరువు నేల లోపటికి ఎట్ల పరుచుకుంటదో 1934ల లెక్క కట్టిండు. అది ఇండ్ల పునాదుల కోసం. వాల్టర్ సోనె అనే జర్మన్ వ్యవసాయ ఇంజనీర్ 1950ల దశకంల ఆ లెక్కనే ట్రాక్టర్ టైరు కిందికి తెచ్చిండు. తేలింది ఏందంటే, పైమట్టి మీద పడే ఒత్తిడి టైరుల గాలిని బట్టి ఉంటది. లోతు మట్టికి తగిలేది మాత్రం చక్రం మీదున్న మొత్తం బరువును బట్టి. అంటే వెడల్పు టైర్లేసి గాలి తగ్గిస్తే పైపొర బతుకుతది, కింద పొరను కాపాడాలంటే బరువే తగ్గాలె. ఇంకోటి, నేల తడిగ మెత్తగ ఉంటే అదే బరువు ఇంకా లోతుకు దిగుతది.

ఎద్దు గిట్ట కింద ఒత్తిడి ట్రాక్టర్ టైరు కంటె తక్కువేం కాదు. గని ఎద్దు బరువు తక్కువ, కాబట్టి ఆ దెబ్బ పైపైననే ఆగుతది, నాగలి పెట్టంగనే పోతది. మామూలు ట్రాక్టరే 2 టన్నుల దాక ఉంటది, కోత మిషన్ ట్యాంకు నిండినంక దాని కంటె ఎన్నో ఇంతలు. ఆ బరువు నాగలి అందని లోతుల పొరను పిండుతది, అది పదుల ఏండ్లు అట్లనే ఉండొచ్చు. వరికి అడుగున గట్టి పొర ఉంటే నీళ్లు ఆగుతయి, మంచిదే. అదే మడిల మక్కనో పత్తినో పెడితే వేరు ఆ పొర కాడ ఎడమకో కుడికో మల్లుతది.

2015 నుంచి సర్కారు ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డుల 12 అంశాలుంటయి. నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి బోరాన్ దాక అన్నీ ఉన్నయి. మట్టి ఎంత గట్టిపడ్డదనే అంకె ఒక్కటి లేదు. ఆ గడి పెట్టియ్యాలని గ్రామసభల అడుగుర్రి.

అప్పటిదాక మీరే కొలవొచ్చు. 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తున్న ఇనుప పైపు ముక్క తీసుకోర్రి. దానిల దాదాపు 98 ఘన సెంటీమీటర్ల మట్టి పడ్తది. చక్రం జాడల ఒకటి, చక్రం తగలని కాడ ఒకటి, మట్టి చెదరకుండ దిగ్గొట్టి తియ్యాలె. పైన తీసినంక, అరగజం లోపల కూడ తియ్యాలె. ల్యాబుల అయితే 105 డిగ్రీల దగ్గర ఎండబెడ్తరు. ఇంటికాడ రెండింటిని ఒక్కతీరు ఎండల పెట్టినా పోల్చుకోనీకి సాలు. ఎండిన బరువును 98తోని భాగించాలె. 150 గ్రాములు వస్తే 1.53 అన్నట్టు. బంకమట్టిల దాదాపు 1.5 అంటే వేరుకు కష్టమే, ఇసుక నేలల 1.8 దాక ఓర్సుకుంటది. జాడల అంకెకు, బయటి అంకెకు ఎంత తేడా ఉన్నదో రాసుకోర్రి.

ఆ కాయితం జేబుల పెట్టుకొని వచ్చే కోతలకు మిషనోనితోని మాట్లాడుర్రి. గంటకు ఎంత అని అడిగేటప్పుడే, టైర్ మిషనా చైన్ మిషనా, ట్యాంకు నిండినంక పొలమంతా తిరుగుతదా, ఒక్క బాట మీదనే వచ్చి గట్టు కాడ దించుతదా అని కూడ అడుగుర్రి.