డబ్లిను నగరమున వి. వి. గిరిగారి తొలి పాఠములు

నరసన్నపేట మీదుగా ఈశాన్యమునకు సాగు రాజమార్గమున టెక్కలి, ఇచ్ఛాపురములను దాటినచో బరంపురము వచ్చును. నేడది ఒడిశా రాష్ట్రములోనిది. 1936వ సంవత్సరమునకు పూర్వము ఆ పట్టణమును, మన నరసన్నపేటయు ఒక్క గంజాం జిల్లాలోనివే. ఆ బరంపురముననే 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని వరాహగిరి వెంకటగిరిగారు జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు. గిరిగారు 1969లో భారత రాష్ట్రపతులైన సంగతి మన పల్లెలలో నెరుగనివారు లేరు. ఆ జీవితమునకు పునాది వేసిన చదువు ఏ దేశమున, ఎట్టి దినములలో మొదలైనదో తెలిసినవారు మాత్రము కొలదిమంది.

బరంపురములోని కళ్ళికోట కళాశాలలో చదువుకొనిన పిమ్మట గిరిగారు న్యాయశాస్త్ర మభ్యసించుటకై 1913లో ఐర్లండు దేశమునకు వెళ్ళిరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిది ఏండ్లు. నాటి మనవారు పెక్కుమంది బారిష్టరు చదువునకు లండనుకే పోవుచుండిరి. అయితే 1909లో ఆ నగరమున కర్జన్ వైలీ హత్య జరిగినది మొదలు అచ్చటి భారతీయ విద్యార్థులపై ప్రభుత్వమువారి కన్ను హెచ్చినది. గిరిగారు చేరినది ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరము. ఆ దేశము సైతము మనవలెనే ఆంగ్లేయుల యేలుబడిలో నుండి స్వపరిపాలనమునకై పెనగులాడుచుండెను.

బారిష్టరు కాగోరువారు డబ్లినులోని కింగ్స్ ఇన్స్ అను న్యాయవాదుల సంస్థలో చేరవలెను. అచ్చటి మొదటి పాఠము పుస్తకములోనిది కాదు, భోజనశాలలోనిది. పరీక్షలలో కృతార్థులైనంత మాత్రమున చాలదు. నిర్ణీతమైన సంఖ్యలో ఆ సంస్థ భోజనశాలయందు విందులారగించినగాని విద్యార్థి గడువు పూర్తియైనట్లు లెక్కకు రాదు. వినుటకు నవ్వు వచ్చినను, ఈ నియమములో అర్థము లేకపోలేదు. పూర్వము మన గురుకులములలో శిష్యుడు గురువుగారి యింటనే భుజించి, విద్యతో పాటు నడవడి నేర్చుకొనుచుండెను గదా! అట్లే పెద్ద న్యాయవాదుల నడుమ కూర్చుండి మాట తీరును, మర్యాదను గ్రహించుటకే ఆ యేర్పాటు.

ఆ సంవత్సరముననే డబ్లిను వీథులలో వేరొక పాఠము సాగుచుండెను. 1913 ఆగస్టు నెలలో ట్రాము కార్మికులు పని మానిరి. కార్మిక సంఘమును వదలుకొందుమని వ్రాసి యిచ్చినగాని పనిలోనికి రానీయమని యజమానులు కట్టుకట్టి తలుపులు మూసిరి. ఇంచుమించు 20,000 మంది శ్రామికుల కుటుంబములు నెలల తరబడి పస్తులతో గడపవలసి వచ్చెను. లార్కిన్, కానొలీ అను నాయకులు వారికి అండగా నిలిచిరి. 1914 ప్రారంభమున ఆకలికి తాళలేక కార్మికులు లొంగిపోయిరి. కాని సంఘము చావలేదు.

1914వ సంవత్సరమున గిరిగారు డబ్లిను యూనివర్సిటీ కాలేజీలో పాఠములకు కూర్చుండిరి. కింగ్స్ ఇన్స్ ద్వారా బారిష్టరు కావలెనన్నచో అచ్చట ఒక సంవత్సరము చదివి తీరవలెను. ఆ 1914–15 తరగతిలో చేరిన భారతీయులు పదుముగ్గురు. అది ఆ కళాశాలలో మనవారి తొలి జట్టు. గిరిగారు న్యాయశాస్త్రముతో తృప్తి పడక బి.ఏ. తరగతిలో కూడ చేరిరి. క్రొత్త దేశమున చదువు మొదలిడిన విద్యార్థికి తొలి వారమున గురువుగారి యుచ్చారణము చెవికి పట్టుటయే గగనము. గురువు ఎట్టివాడో తెలియుటకు కాలము పట్టును. గిరిగారికి దొరకిన గురువులు సామాన్యులు కారు. ఆంగ్ల సాహిత్యము బోధించిన థామస్ మెక్‌డొనా కవి. ఆంగ్లము బోధించుచునే తన జాతి భాషయగు ఐరిషు పునరుద్ధరణమునకు పాటుపడినవాడు. అర్థశాస్త్రము చెప్పిన ఫిన్లే మతాచార్యుడు. రైతులు అప్పుల వారి చేతులలో చిక్కకుండ సహకార సంఘములను నెలకొల్పుటకు తోడ్పడినవాడు.

అప్పటికే ఐరోపా మహాయుద్ధము మొదలైనది. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికా నుండి లండనుకు వచ్చి యుండిరి. గిరిగారు డబ్లిను నుండి పోయి వారిని దర్శించిరి. యుద్ధమున గాయపడినవారి సేవకై రెడ్‌క్రాస్ దళమున చేరుమని గాంధీగారు కోరగా గిరిగారు సరే ననిరి. పిమ్మట మనస్సు ఒప్పలేదు. పెద్దలకిచ్చిన మాటను కాదనుట యువకునికి కత్తిమీద సాము. అయినను ఆ కష్టమును గాంధీగారు గ్రహించి ఆయనను మాట నుండి విముక్తుని గావించి, ఆ సంగతి మరియెవ్వరి చెవిని వేయరైరి. తప్పును కప్పుటలో గల పెద్దరికము గిరిగారికి ఆ విధముగా తెలియవచ్చినది.

దక్షిణాఫ్రికాలో మన కూలీలు పడుచుండిన అగచాట్లను గూర్చి గిరిగారును, తోడి విద్యార్థులును ఒక కరపత్రము సిద్ధము చేసిరి. ఆ కూలీలలో గంజాం, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు సైతము కలరు. ఆ పత్రము ప్రభుత్వ గూఢచారుల చేత చిక్కెను. నాటి నుండి పోలీసువారు ఈ విద్యార్థులను నీడవలె వెన్నంటిరి.

1916 ఏప్రిలు 24వ తేదీని, ఈస్టరు పండుగ దినములలో, డబ్లినులో తిరుగుబాటు చెలరేగెను. స్వతంత్ర ప్రకటనముపై చేవ్రాలు చేసిన యేడుగురిలో సాహిత్యము చెప్పిన మెక్‌డొనా ఒకడు, కార్మికనాయకుడు కానొలీ ఒకడు. తిరుగుబాటు అణగిపోయినది. మే 3వ తేదీని మెక్‌డొనాను, 12వ తేదీని గాయములతో లేవలేని కానొలీని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చి చంపిరి. భారతీయ విద్యార్థుల బసలను పోలీసులు సోదా చేసిరి. జూను 1వ తేదీని గిరిగారికి ఒక నెలలో దేశము విడువవలసినదని ఉత్తరువు అందెను. ఆ గడువులోనే, జూను 21వ తేదీని, ఆయన బారిష్టరుగా స్వీకరింపబడిరి. బి.ఏ. చదువు మాత్రము సగములో నిలిచిపోయెను.

స్వదేశమునకు వచ్చి గిరిగారు మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరిరి. 1920లో గాంధీగారి పిలుపు విని, అంత శ్రమపడి సంపాదించిన వృత్తిని వదలిరి. తిలారు స్టేషను మీదుగా పోవు రైలుమార్గము నాడు బెంగాల్ నాగపూర్ కంపెనీవారిది. ఆ కంపెనీ శ్రామికులకు ఆయన సంఘము కట్టి, 1928లో పనిలో నుండి తొలగింపబడినవారి కొరకు శాంతియుతమైన సమ్మె నడిపిరి. 1937లో మద్రాసు రాష్ట్రమున కార్మిక మంత్రియైరి. 1952లో మన జిల్లాలోని పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రమున ఆ శాఖనే వహించిరి. 1975లో భారతరత్న బిరుదమంది, 1980లో కీర్తిశేషులైరి.

గిరిగారు తెచ్చుకొన బోయినది బారిష్టరు పట్టము. అది నాలుగేండ్లు మాత్రమే పనికివచ్చినది. చెప్పిన మాటకై ప్రాణమిచ్చిన గురువును చూచిన చూపు జీవితాంతము పనికివచ్చినది. నేడు మన గ్రామముల బిడ్డలు సముద్రములు దాటి విద్యకు పోవుచున్నారు. తరగతి గదిలోని పాఠముతో పాటు ఆ గది కిటికీ ఆవల గల లోకమును కూడ చదివి వత్తురుగాక!