శిష్యుల నడత, గురువు నడత

పరకాల ఉన్నత పాఠశాలలో కాని, ఆ చుట్టుపట్ల మరే పాఠశాలలో కాని నేడు తరగతిలో అడుగిడు ఉపాధ్యాయుని చేతిలో బెత్తము ఉండరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. చట్టము బెత్తమును తీసివైచినది గాని, దాని స్థానమున ఏమి యుంచవలెనో చెప్పలేదు. అట్టి విషయము చెప్పుట చట్టములకు చేతనైన పనియు గాదు. కోపమును దిగమ్రింగి, గొంతు తగ్గించుకొని, నలువదిమంది పిల్లలను మంచి నడతకు త్రిప్పవలసిన భారము ఉపాధ్యాయునిపైననే మిగిలినది. ఏ చట్టమును నిర్బంధింపకున్నను, నూరేండ్లకు పూర్వమే ఈ భారమును తనంత తానుగా తలకెత్తుకొన్న తెలుగు ఆచార్యుడు రఘుపతి వేంకటరత్నము నాయుడు.

ఆయన 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యములో సుబేదారు. తండ్రి ఉద్యోగము కారణముగా బాల్యము కొంత ఉత్తరదేశమున గడచుటచే హిందూస్థానీ, పారసీక భాషలు కూడ అలవడినవి. హైదరాబాదు చాదర్‌ఘాటు పాఠశాలలో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచ్చట అధ్యక్షుడు విలియం మిల్లరు. విద్యార్థికి పాఠము చెప్పి పంపివేయుటతో గురువు పని తీరదని నమ్మినవాడాయన; విద్యార్థుల వసతిగృహములను, సంఘములను ప్రోత్సహించి, వారి నిత్యజీవితమును కూడ పట్టించుకొన్నవాడు. వేంకటరత్నము నాయుడుగారు పుస్తకములనుండి నేర్చిన దానికన్న ఈ గురువును చూచి నేర్చినదే ఎక్కువయని చెప్పవచ్చును. బ్రహ్మసమాజ ధర్మమును స్వీకరించినదియు యౌవనముననే. ఆ వయసుననే భార్యావియోగము సంభవించినది. ఆయన మరల వివాహమాడలేదు. తెల్లని వస్త్రములు, నిరాడంబర జీవనము తుదివరకు ఆయన గుర్తులైనవి.

మచిలీపట్టణము నోబుల్ కళాశాలలో ఆంగ్లము బోధించుచున్న దినములలో, 1891 ప్రాంతమున, ఆయన సంఘపవిత్రతోద్యమమును ఆరంభించిరి. ఆ కాలమున సంపన్నుల ఇండ్ల పెండ్లిండ్లలోను, అధికారుల సన్మానములలోను భోగముమేళము తప్పనిసరి. పెద్దలు ముందు వరుసలలో కూర్చుండి చూచుచుండగా పిల్లలు వారి వెనుక కూర్చుండి నేర్చుకొనుచుండిరి. మేజువాణికి పోమని, మద్యము ముట్టమని, శుచిగా జీవింతుమని యువకులు స్వయముగా ప్రతిన పట్టుట ఆ ఉద్యమ విధానము. తండ్రి పిలిచిన విందుకు కుమారుడు రానని చెప్పుట ఆనాడు సామాన్యమైన సాహసము గాదు. అట్టి సాహసమును శిక్షాభయము పుట్టింపజాలదు. తాను అట్లే జీవించుచున్న గురువు అడిగినపుడే అది పుట్టును.

ఈ ఉద్యమమునకు మరియొక ముఖము కూడ కలదు. నాట్యము మానిపింపబడిన ఇండ్లలోని స్త్రీలు ఎట్లు బ్రతుకవలెనన్న ప్రశ్న నాటి సంస్కర్తలలో పెక్కుమందికి తోచలేదు. మేళములు పోయినవి, వానితో కలావంతుల జీవనోపాధి పోయినది, అపకీర్తి మాత్రము వారికే మిగిలినది. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ చట్టము వచ్చినపుడు కూడ ఈ లెక్క సరికాలేదు. యువకులకు మంచి నడత నేర్పు ఉత్సాహములో, ఎవరిని చూపి ఇది చెడ్డయని చెప్పుచున్నామో వారిని మరచుట ఎంత సులభమో ఈ చరిత్ర చూపుచున్నది.

నోబుల్ కళాశాలలో ఆయన ప్రభావమున పెరిగినవారిలో ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గలరు. వారిరువురును కోపల్లె హనుమంతరావుతో కూడి 1910లో మచిలీపట్టణముననే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి.

1899లో నాయుడుగారు సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులై వచ్చిరి. పేరునకు కళాశాలయే గాని, అది ఉన్నత పాఠశాల. 1862లో స్థాపింపబడి, పిమ్మట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరును ధరించినది. వివేకానందుడు 1893లో అమెరికాకు పోవుటకు ముందు ప్రసంగించిన స్థలము కూడ అదియే. తెలంగాణమున పలుచోట్ల బాలురకు తమ తల్లిభాషలో చదువు లభింపని కాలమది. దండు ప్రదేశమగుటచే సికిందరాబాదు పాఠశాలకు తెలుగు, తమిళము, మరాఠీ, ఉర్దూ మాటలాడు కుటుంబముల పిల్లలు కలసి వచ్చుచుండిరి. బాల్యమున అలవడిన హిందూస్థానీ ఆయనకు ఇచ్చట అక్కరకు వచ్చియుండును. ఇంటి భాషలో పలుకరించు గురువు ముందు ఏ పిల్లవానికైనను బెరుకు సగము తగ్గును.

1904 ప్రాంతమున కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, 1919 వరకు అచ్చటనే ఉండిరి. ఆయన పేరు ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది ఈ పదునైదేండ్లలోనే. బీద విద్యార్థులకు తన జీతమునుండియే సాయపడిరి. అనాథ బాలురను, అంటరానివారని ఊరు దూరముంచిన బిడ్డలను చేరదీసిరి. బాలురతో పాటు బాలికలకు కూడ కళాశాల ద్వారము తెరచిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారి అండ లేనిచో ఇవి సాగియుండెడివి గావు. ఆయన ధనసాహాయ్యముననే కాకినాడలో అనాథశరణాలయము నిలచినది. పట్టణములో పలుకుబడి గల కుటుంబముల కుమారులు, తమ ఇండ్ల వాకిలి కూడ త్రొక్కరాని బిడ్డలను తమ అధ్యక్షుడు ఆదరించుట ప్రతిదినము చూచుచుండిరి. సమానత్వమును గూర్చి అంతకన్న గొప్ప పాఠము ఏ తరగతిలో చెప్పగలరు?

ఆ కళాశాలలో చదివినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన బ్రహ్మసమాజ భావములచే ఆకర్షింపబడిరి. గుడిపాటి వేంకటచలము కథ వేరు. ఆయనయు ఆ కళాశాల విద్యార్థియే. ఆయనయు ఆ ప్రభావమున కొంతకాలము బ్రహ్మసమాజమునకు చేరువైరి. పిమ్మట పవిత్రత, నియమము అను మాటలపైననే తిరుగబడి, గురువు ఊహింపని త్రోవను పోయిరి. దీనిని గురువు ఓటమిగా లెక్కించువారు కలరు. ఆ లెక్క సరియైనది గాదు. లోకమును లెక్కచేయక తాను నమ్మినట్లు జీవించుట చలము ఎచ్చట చూచెనో ఊహించుట కష్టము గాదు. ఉపాధ్యాయుడుగాను, పాఠశాలల పరీక్షాధికారిగాను పనిచేసిన చలము తరువాత రచించిన ‘బిడ్డల శిక్షణ’ పిల్లలను కొట్టుటను, భయపెట్టుటను తీవ్రముగా నిరసించిన గ్రంథము.

నాయుడుగారు 1925 మొదలు 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. ప్రభుత్వము ‘సర్’ బిరుదమిచ్చినది, ప్రజలు బ్రహ్మర్షియనిరి. పదవీకాలము ముగిసిన పిదప మరల కాకినాడయే ఆయనకు ఇల్లు. అనాథశరణాలయపు బిడ్డలు, పూర్వశిష్యులు ఆయన బంధువర్గము. 1939 మే 26వ తేదీన ఆయన కన్నుమూసిరి.