మన జెండా – మన వెంకయ్యగారు

ఆగస్టు 15వ తేదీ వచ్చిందంటే రియాద్‌లోని మన రాయబార కార్యాలయంలోనూ, జెడ్డాలోని కాన్సులేటులోనూ త్రివర్ణ పతాకం ఎగురుతుంది. పొద్దున్నే పిల్లాపాపలతో వెళ్ళి వందనం చేసి వస్తాము. ఆ పతాకానికి తొలి రూపం దిద్దిన చేయి ఒక తెలుగువారిదని ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే.

పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. బందరులో చదువుకున్నారు. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరి, బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీజీతో పరిచయమైంది అక్కడే. పొట్టచేత పట్టుకుని సముద్రం దాటిన మనకు ఆయన ఒక విధంగా ముందు తరం ప్రవాసాంధ్రులు.

తిరిగి వచ్చాక ఆయన చేపట్టని పని లేదు. కంబోడియా పత్తిపై పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. జపాను భాష నేర్చి జపాను వెంకయ్య అయ్యారు. వజ్రాల శాస్త్రం తెలిసి డైమండ్ వెంకయ్య అయ్యారు. ఎన్ని పేర్లు వచ్చినా మనసు మాత్రం జెండా మీదనే. 1916లో ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా గాంధీజీ కోరగా, కొద్ది గంటల్లోనే ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నం గల జెండా తయారుచేసి ఇచ్చారు.

రాట్నం సూచన లాలా హన్స్‌రాజ్‌ గారిది. తెలుపు చేర్పించినది గాంధీజీ. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నానికి బదులు అశోకచక్రాన్ని నిలిపి పతాకాన్ని ఆమోదించింది. కనుక జెండా అంతా ఒక్కరి సొత్తని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. వెంకయ్యగారిని మరచిపోవడం అంతకన్నా అన్యాయం.

ఆ అన్యాయం జరిగింది కూడా. 1963 జూలై 4న ఆయన పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేర తపాలా బిళ్ళ 2009లో గాని రాలేదు.

మనకు బ్రతుకు తెరువు చూపిన సౌదీ అరేబియా 2023 నుంచి ఏటా మార్చి 11ను పతాక దినంగా జరుపుకుంటున్నది. 1937లో రాజు అబ్దుల్ అజీజ్ వారి జెండాను ఆమోదించిన రోజది. ఆ కథ విన్న పిల్లలు మన జెండా కథ అడిగితే మనం తడుముకోరాదు. ఆగస్టు 15కు పదమూడు రోజుల ముందే ఆగస్టు 2 వస్తుంది. ఆనాడు ప్రతి ఇంటా పిల్లలను కూర్చోబెట్టుకుని వెంకయ్యగారి కథ చెబుదాము. పతాక వందనానికి వారు వచ్చేటప్పుడు, ఆ రంగుల వెనుక ఉన్న మనిషిని కూడా ఎరిగి వస్తారు.