వాక్యాన్ని ముందు తనకే చెప్పుకున్న బిషప్ అజరయ్య

హత్నూరలో చదువుకున్న మనలో మెదక్ వెళ్ళి అక్కడి పెద్ద చర్చిని చూడని వారు తక్కువ. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని కట్టించింది మెథడిస్టు మిషనరీలు. ఈనాడు అది దక్షిణ ఇండియా సంఘానికి, అంటే సి.ఎస్.ఐ.కి చెందినది. వేరువేరు క్రైస్తవ శాఖలు ఇలా ఒకటి కావడానికి పునాది వేసిన వారిలో బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ముఖ్యులు. మెదక్‌లాగే నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్ ఆయన కార్యక్షేత్రం.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పెంచింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ, చివరి పరీక్షల సమయంలో జబ్బుపడి డిగ్రీ లేకుండానే బయటికి వచ్చారు. తరువాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగి యువకులకు బైబిలు పాఠాలు చెప్పారు.

1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్త పనికి మనుషులను పంపడం చూశారు. లోకమంతటికీ వెళ్ళమన్న క్రీస్తు ఆజ్ఞ తెల్లదొరలకే కాదు, తమకూ వర్తిస్తుందని ఆయనకు అర్థమైంది. మరుసటి ఏడే తిరునెల్వేలిలో భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీదుగా నడిచే మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఎంచుకున్న చోటు డోర్నకల్. ఇతరులను పంపి ఊరుకోకుండా 1909లో ఉద్యోగం వదిలి తానే అక్కడికి వచ్చారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగులో పని మొదలుపెట్టారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని మాట్లాడారు. మిషనరీల త్యాగాలను ఒప్పుకుంటూనే, తమకు కావలసింది సమానుల మధ్య ఉండే స్నేహమని నిర్భయంగా చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్.

డోర్నకల్ పల్లెల్లో ఆయన దగ్గరికి వచ్చిన వారిలో ఎక్కువ మంది మాల, మాదిగ పేటల వారు. అక్షరం రాని వారు. వారికి పాటలతో, కథలతో, కంఠస్థం చేయించి వాక్యం నేర్పించారు. బాప్తిస్మం పొందినవారు తమ చేయి తమ తలమీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలి. పౌలు తన గురించి చెప్పుకున్నది అలా ఒక కూలి మనిషి బాధ్యత అయ్యేది. కానుకల విషయమూ అంతే. బీదవాళ్ళకు ఇచ్చే గౌరవం కూడా ఉండాలని, వంట వండేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన పెట్టే అలవాటును ప్రోత్సహించారు.

శిష్యులంతా ఒకటి కావాలన్న క్రీస్తు ప్రార్థననూ ఆయన అలాగే చదివారు. 1919లో ట్రాంక్విబారులో వేరువేరు శాఖల పాదిరులను కూర్చోబెట్టి ఐక్యత ప్రయత్నం ప్రారంభించారు. చర్చలు ఏళ్ళ తరబడి సాగాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ చర్చిలో మసీదును తలపించే గుమ్మటాలు, గుడిని తలపించే స్తంభాలు కలిసి కనిపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఆయన కోరిన ఐక్య సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. ఆ రోజును ఆయన చూడలేదు.

డిగ్రీ చేతికందని ఆ విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అయితే మన ఉపాధ్యాయులకూ, పూర్వ విద్యార్థులకూ ఆయన నుంచి అందే పాఠం ఆ పట్టా కంటే పెద్దది. ఏ మత గ్రంథమైనా, ఏ నీతి పద్యమైనా పక్కవాడి తప్పు ఎంచడానికి చదివితే వాదన మిగులుతుంది. మన చేయి మన తలమీద పెట్టుకుని చదివితే, మనం చేయవలసిన పని కనబడుతుంది.